వరసలో లేని కటౌట్లు: అన్నీ ఒకే స్కెచ్‌లోనా, పాయింట్ల మీద ప్యాటర్నా?

ప్యానెల్_పని:
ఒక ఫ్రంట్ ప్లేట్ చేస్తున్నా. కనెక్టర్ల కోసం 28 డి-షేప్ కటౌట్లు కావాలి. ఆకారం అన్నిటికీ ఒకటే, వరసా, సమాన దూరమూ మాత్రం ఏమీ లేవు. వెనక సర్క్యూట్ బోర్డు మీద కనెక్టర్ ఎక్కడుంటే కటౌట్ అక్కడికి రావాలి. వాడే 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్ సాలిడ్‌వర్క్స్. అన్నీ ఒకే స్కెచ్‌లో గీసి ఒకేసారి కట్ కొట్టేయమని టీమ్‌లో సగం మంది అంటారు. ఒక్కటి కట్ చేసి, మిగతావి స్కెచ్ డ్రివెన్ ప్యాటర్న్‌తో (స్కెచ్‌లో పెట్టిన పాయింట్ల దగ్గర అదే కట్‌ని మళ్లీ వేసే కమాండ్) పాయింట్ల మీద వేయమని మిగతా సగం. మీరైతే ఎటు? "ఎలా చేసినా ఒకటే" అని మాత్రం చెప్పకండి, ఆ మాట ఇక్కడ రోజూ వింటున్నా.

పాత_డ్రాఫ్టర్:
ఒకే స్కెచ్, ఒకే కట్. ట్రీలో (మోడల్ చేసిన అడుగుల జాబితాలో) ఒక్క ఫీచర్ ఉంటుంది, తెరిచినవాడికి అంతా కళ్ల ముందే కనిపిస్తుంది. డీఎక్స్ఎఫ్ (2డీ డ్రాయింగ్ ఫైల్) వస్తే నేరుగా స్కెచ్‌లోకి దింపుకోవచ్చు. ప్యాటర్న్ వేస్తే సీడ్ (మొదట చేసిన కట్) ఎక్కడుందో, పాయింట్ల స్కెచ్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

రీబిల్డ్_బాధితుడు:
కళ్ల ముందు కనిపించడం ఆరేడు కటౌట్ల దాకా సరే. 28 దగ్గర లెక్క మారిపోతుంది. ఒక డి ఆకారాన్ని పూర్తిగా నిలబెట్టాలంటే ఐదు సంగతులు తేలాలి: ఎక్స్, వై, వ్యాసం, చదును అంచు దూరం, అది తిరిగిన కోణం. 28 కటౌట్లకి 140. ఈక్వల్ కన్‌స్ట్రెయింట్లు (కొలతలు సమానమని చెప్పే షరతులు) పెట్టి మీరు టైప్ చేసే డైమెన్షన్లు తగ్గించుకోవచ్చు గానీ, సాల్వర్ (స్కెచ్ లెక్క తేల్చే ప్రోగ్రామ్) మోసే బరువు తగ్గదు. అదే పాయింట్లయితే ఒక్కోదానికి రెండే, మొత్తం 56. ఆకారానికి సీడ్‌లో ఇంకో మూడు. 59తో పని అయిపోయింది.

ఇంకోటి. అన్ని కటౌట్ల ఆర్క్ రేడియస్‌లు ఒకదానికొకటి, చదును గీతల పొడవులు ఒకదానికొకటి ఈక్వల్ పెట్టారనుకోండి. ఆ రెండూ సరిపోయేలా చదును కేంద్రానికి ఇటూ ఉండొచ్చు, అటూ ఉండొచ్చు. వ్యాసం బాగా మార్చినప్పుడు ఏదో ఒక కటౌట్‌లో సాల్వర్ రెండోవైపు ఎంచుకుంటే, పెద్ద ఆర్క్ ఉండాల్సిన చోట చిన్న ఆర్క్ మిగులుతుంది. స్కెచ్ మాత్రం నల్లగానే, ఫుల్లీ డిఫైన్డ్‌గానే (కొలతలన్నీ తేలినట్టే) ఉంటుంది! 28 ఉన్నచోట ఆ ఒక్కటీ కంటికి ఆనదు. ప్యాటర్న్‌లో ఆకారం ఒక్కచోటే ఉంది కాబట్టి తప్పితే అన్నీ తప్పుతాయి, చూడగానే దొరికిపోతుంది.

పాత_డ్రాఫ్టర్:
బాగుంది. మరి నాలుగు కనెక్టర్లు 90 డిగ్రీలు తిరిగి ఉంటే? స్కెచ్ డ్రివెన్ ప్యాటర్న్ సీడ్‌ని జరుపుతుందే గానీ తిప్పదు కదా.

రీబిల్డ్_బాధితుడు:
తిప్పదు, నిజమే. కోణాలు రెండే అయితే రెండు సీడ్లు, రెండు పాయింట్ స్కెచ్‌లు పెడతా. ఒక్కోటీ ఒక్కో కోణంలో ఉంటే వేరియబుల్ ప్యాటర్న్. అందులో పట్టికలో ఒక్కో ఇన్‌స్టెన్స్‌కి కోణం డైమెన్షన్ కూడా విడిగా ఇవ్వొచ్చు.

క్రియో_చేయి:
మీ గొడవలో సగం సాఫ్ట్‌వేర్‌దే. క్రియో అనే ఇంకో డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో టేబుల్ ప్యాటర్న్ ఉంది. మొదటి కట్‌లోని ఏ డైమెన్షన్‌నైనా పట్టికలోకి లాగొచ్చు: ఎక్స్, వై, కోణం, కావాలంటే లోతు కూడా. మారని గడిలో నక్షత్రం గుర్తు పెడితే లీడర్ (మొదటి కట్) విలువే తీసుకుంటుంది. కాటియాలో యూజర్ ప్యాటర్న్ ఉంది గానీ అది పాయింట్ల దారే.

ఫ్రీక్యాడ్_వాడకం:
మా ఫ్రీక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ చర్చే లేదు. పార్ట్ డిజైన్ విభాగంలో లీనియర్, పోలార్, మిర్రర్, వాటిని కలిపే మల్టీ ట్రాన్స్‌ఫామ్. పాయింట్ల మీద వేసేది లేదు. గుండ్రటి రంధ్రాలైతే హోల్ ఫీచర్ స్కెచ్‌లోని ప్రతి సర్కిల్‌నీ రంధ్రం చేసేస్తుంది, హాయి. డి ఆకారమైతే ఒకే స్కెచ్, లేదా డ్రాఫ్ట్ విభాగంలో పాయింట్ అర్రే చేసి బూలియన్‌తో (ఒక ఆకారంలోంచి ఇంకోదాన్ని తీసే కమాండ్) తీసేయడం.

అసెంబ్లీ_వైపు:
అందరూ పార్ట్ దగ్గరే ఆగిపోయారు. ఆ కటౌట్లలో కనెక్టర్లు కూర్చోవాలిగా? పార్ట్‌లో ప్యాటర్న్ ఉంటే అసెంబ్లీలో ఒక్క కనెక్టర్ పెట్టి ప్యాటర్న్ డ్రివెన్ ఇస్తే చాలు, మిగతావి వచ్చి కూర్చుంటాయి. రేపు పాయింట్ కదిపితే కనెక్టరూ కదులుతుంది. ఒకే స్కెచ్ వాళ్లు 28 సార్లు మేట్లు (పార్టుల్ని ఒకదానికొకటి కుదిర్చే షరతులు) పెట్టుకోవాలి. నా ఓటు ఇక్కడే తేలిపోయింది.

పాత_డ్రాఫ్టర్:
28 సార్లు అక్కర్లేదు. అసెంబ్లీలో కూడా స్కెచ్ డ్రివెన్ ఉంది, పాయింట్లున్న స్కెచ్ చూపిస్తే చాలు. ఇక ఆకారం విషయానికొస్తే, డి ని బ్లాక్ (ఒకటిగా బిగించిన గీతల గుంపు) చేసేయండి. బ్లాక్ లోపల కదలదు కాబట్టి ఒక్కోదానికి మిగిలేవి ఎక్స్, వై, కోణం, అంతే. మీ చదును తిరగబడే సమస్యా పోతుంది, తిప్పడమూ కుదురుతుంది, ట్రీలో కట్ ఒక్కటే ఉంటుంది.

రీబిల్డ్_బాధితుడు:
బ్లాక్ అంటే ఒప్పుకుంటా. కానీ మొదట మీరు చెప్పింది విడివిడిగా గీసిన 28 డి ల గురించి. ఆకారం ఒక్కచోట, స్థానాలు ఒక్కచోట అని నేను మొదట్నుంచీ అంటున్నదానికే మీరు వేరే దారిలో వచ్చారు :)

ప్యానెల్_పని:
నాలుగు కాదు, మావి ఆరు తిరిగి ఉన్నాయి, అన్నీ 90 డిగ్రీలే. కాబట్టి రెండు సీడ్లు. బోర్డు వాళ్లు ఎక్స్-వై లిస్ట్ ఇస్తామన్నారు గనక పాయింట్ల బదులు టేబుల్ డ్రివెన్ ప్యాటర్న్ వాడదామనుకుంటున్నా, ఫైల్ నేరుగా ఎక్కించొచ్చు. ఒక్కటే చిక్కు: వాళ్లు బోర్డుని వెనక నుంచి చూసి కొలుస్తారు, నేను ప్లేట్‌ని ముందు నుంచి చూస్తా. ఎక్స్ ప్లస్-మైనస్ గుర్తు లిస్ట్‌లో మార్చాలా, కోఆర్డినేట్ సిస్టమ్‌లో (ఎక్స్-వై అక్షాల్లో) తిప్పాలా?

క్రియో_చేయి:
సిస్టమ్‌లో తిప్పండి. లిస్ట్ ముట్టుకుంటే ప్రతి కొత్త రివిజన్‌కీ ముట్టుకోవాలి.