బెంచీల టెండరు పోయింది, బయటి దేశాల్లోనూ ఇంతేనా?

గజపతి ఇనుము (పర్లాకిమిడి):
అందరికీ నమస్కారం. మాది చిన్న ఇనుప సామాను కార్ఖానా. బీరువాలు, రాక్‌లు, బడి బెంచీలు చేస్తాం. పనివాళ్లు తొమ్మిది మంది. పోయిన వేసవిలో హాస్టళ్లకు బెంచీలు కావాలని ఒక కార్యాలయం టెండరు పిలిచింది. అంచనా విలువ 46 లక్షలు. ధరావతు కట్టి కాగితాలన్నీ ఎక్కించాను. ధరల కవరు తెరవకముందే నన్ను పక్కన పెట్టారు. పోర్టల్‌లో కనిపించింది ఒకే మాట, ‘తిరస్కృతం’.

కారణం తెలుసుకోవడానికి ఆరుసార్లు తిరిగాను. మూడేళ్ల సగటు టర్నోవరు 2 కోట్లు ఉండాలట, నాది కోటీ పది లక్షలు. ఆ షరతు 31వ పేజీలో ఉన్నమాట నిజమే. చిన్న పరిశ్రమలకు సడలింపు ఉంటుంది కదా అని ధైర్యం చేశాను. నేను ఉత్తరం రాసుకుని వెళ్లేసరికి గెలిచినవారితో ఒప్పందం మీద సంతకాలు కూడా అయిపోయాయి.

ప్రభుత్వ కొనుగోళ్లకు ప్రపంచంలో ఉమ్మడి నియమాలు ఉన్నాయని వింటుంటాను. వాటిలో నావంటి వాడికి చోటుందా? బయట పనిచేసినవాళ్లు, ఇక్కడే టెండర్లు వేసి చేతులు కాల్చుకున్నవాళ్లు చెప్పండి.

గుణుపురం నుంచి వార్సా:
అన్నయ్యా, నేను ఆరేళ్లుగా పోలండ్‌లో ఒక కంపెనీ టెండర్ల విభాగంలో ఉన్నాను. మీ లెక్క చూడగానే ప్రాణం చివుక్కుమంది. ఐరోపా సంఘం 2014లో తెచ్చిన నిర్దేశం (సభ్యదేశాలు తమ చట్టాల్లో పెట్టుకోవలసిన నియమాలు) ప్రకారం టర్నోవరు షరతు కాంట్రాక్టు విలువకు రెండు రెట్లు దాటకూడదు. దాటాలంటే ప్రత్యేక కారణం కాగితం మీద చూపాలి. మీ 46 లక్షలకు అది 92 లక్షలు అవుతుంది, మీకు తలుపు తెరుచుకునేది. పెద్ద పనిని భాగాలుగా విడగొట్టకపోతే ఎందుకు విడగొట్టలేదో కూడా రాయాలి. ధ్రువపత్రాల కట్టలు మొదటే అడగరు. అర్హత ఉందని మనమే ఒక ఫారం నింపి ఇస్తే చాలు, అసలు పత్రాలు మామూలుగా గెలిచినవాడే చూపిస్తాడు.

అన్నిటికంటే నాకు నచ్చింది మరొకటి. విజేత ఎవరో ఓడినవాళ్లందరికీ కారణాలతో రాసి పంపాక, ఎలక్ట్రానిక్‌గా పంపితే కనీసం 10 రోజులు సంతకాలు చేయకూడదు. ఆ పది రోజుల్లో అభ్యంతరం పెట్టుకోవచ్చు.

జయపురం రైతు:
ప్రభుత్వ కొనుగోళ్లు అని చూసి మండిలో ధాన్యం సంగతి అనుకుని వచ్చాను. టోకెను ఎప్పుడు వస్తుందో చెప్పేవారు ఇక్కడా లేరన్నమాట. కానివ్వండి, బెంచీల కథ కూడా బాగానే ఉంది.

బరంపురం వకీలు:
వార్సా తమ్ముడు చెప్పింది నిజమే కానీ సగం చెప్పాడు. ఆ నిర్దేశం పెద్ద కొనుగోళ్లకే. స్థానిక సంస్థలు వస్తువులు కొనేటప్పుడు 2024-25లో గీత 2,21,000 యూరోల దగ్గర ఉండేది, అంటే మన లెక్కలో రెండు కోట్ల పైచిలుకు. దానికంటే చిన్నవాటికి ఏ దేశం చట్టం ఆ దేశానిది. ప్రపంచ వాణిజ్య సంస్థ కింద ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందం ఒకటి ఉంది. 1996లో మొదలైంది, సవరించిన పాఠం 2014 ఏప్రిల్ 6 నుంచి అమలులో ఉంది. అందులోనూ కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల వస్తువులకు చాలా దేశాలు పెట్టుకున్న గీత 1,30,000 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క యూనిట్లు), మన డబ్బులో కోటిన్నరకు అటూఇటూ. పైగా భారతదేశం అందులో సభ్యదేశం కాదు. 2010 నుంచి పరిశీలక హోదాలో కూర్చుని చూస్తోంది.

కాబట్టి గజపతి గారూ, ఉమ్మడి నియమాలు ఉన్నాయి కానీ మీ కార్ఖానా గుమ్మం దాకా రావు. అవి ఒక దేశపు కంపెనీని మరో దేశం టెండరులోకి రానివ్వడానికి పుట్టాయి, పర్లాకిమిడి వాడిని పర్లాకిమిడి టెండరులోకి రానివ్వడానికి కాదు. విదేశీ కంపెనీ భయమూ మీకు అక్కర్లేదు. 200 కోట్ల లోపు కొనుగోళ్లకు ప్రపంచ టెండర్లు పిలవవద్దని కేంద్రం 2020లోనే నిబంధన పెట్టింది.

మీకు పనికొచ్చేది ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ సంఘం 2011లో ఇచ్చిన నమూనా చట్టం. ఎవరినీ కట్టిపడేయదు, దేశాలు చూసి రాసుకోవడానికి ఇచ్చిన నమూనా అంతే. అందులోనూ సంతకానికి ముందు ఆగే గడువు ఉంది. మన దగ్గర కేంద్రం 2012లో కొనుగోళ్ల బిల్లు పెట్టింది, లోక్‌సభ గడువుతో పాటే మురిగిపోయింది. తమిళనాడు మాత్రం 1998లోనే చట్టం చేసుకుంది, టెండరులో ఓడినవాడు 10 రోజుల్లో ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు. కర్ణాటక 1999 చట్టంలో ఆ గడువు 30 రోజులు. మీరు చెన్నైలో బెంచీలు చేసి ఉంటే కనీసం ఎవరికి రాయాలో తెలిసేది.

రాయగడ ఓవర్సీరు:
పిల్లలూ, అటువైపు కుర్చీలో 33 ఏళ్లు కూర్చున్నవాడి మాట కూడా వినండి. ఎల్-1ని, అంటే అందరికంటే తక్కువ ధర వేసినవాడిని కాదని మరొకరికి ఇస్తే ఆడిట్ పేరా, అంటే ఆడిటర్ల అభ్యంతరం, ఎవరి మీద పడుతుంది? సంతకం పెట్టినవాడి మీద. నాణ్యతకు మార్కులు వేసి ఇవ్వవచ్చని కేంద్రం 2021లో ఉత్తర్వు ఇచ్చింది, నిర్మాణ పనుల్లో ఆ మార్కులు 30 శాతం దాటకూడదంది. మార్కు ఎందుకు తగ్గించావని రేపు అడిగితే ఏం చెప్పాలి? అందుకే ఎవరూ ఆ జోలికి పోరు. పెద్ద టర్నోవరు అడగడం కూడా అంతే. అది దురాశ కాదు, పిరికితనం. పని మధ్యలో వదిలి పారిపోయిన కాంట్రాక్టరు తెచ్చిన తలనొప్పి ఎవరికో ఒకరికి గుర్తుంటుంది.

ధర విషయంలో ఒక వింత చెబుతాను. మన ఒడిశా పనుల టెండర్లలో అంచనా కంటే 15 శాతానికి మించి తగ్గించి వేస్తే తోసేయాలని చాలాకాలం నిబంధన ఉండేది. ఉద్దేశం మంచిదే, మరీ తక్కువకు పాడుకుని సిమెంటులో ఇసుక పోయకుండా ఆపాలని. ఏమైందో ఊహించండి. అందరూ 14.99 శాతం తగ్గించి వేశారు. రెండంకెల దశాంశం దాకా ఒకటే ధర. అప్పుడు లాటరీ తీయాలి, అది కూడా ప్రజాపనుల కోడ్‌లోనే ఉంది. ఒకసారి పదకొండు మంది 14.99 దగ్గర నిలబడ్డారు. స్టీలు డబ్బాలో చీటీలు వేసి, అందరి ఎదుట వంటావిడ కొడుకు చేత ఒకటి తీయించాం. నాలుగు నెలలు చెమటోడ్చి నేను రాసిన అంచనా ఆ కుర్రాడి వేళ్ల మధ్య తేలిపోయింది.

గుణుపురం నుంచి వార్సా:
మాస్టారూ, ఇది మన ఒక్కరి వింతే కాదు. బంగ్లాదేశ్‌లో పనులకు అంచనా మీద 10 శాతం పైకీ కిందికీ దాటరాదని పెట్టారు. అందరూ సరిగ్గా 10 తక్కువకే వేసేవారు, 2025లో ఆ హద్దు ఎత్తేశారు. ఇటలీలో మరో రకం. వచ్చిన టెండర్ల సగటు చూసి, మరీ కిందికి పోయినవాటిని వాటంతటవే తీసేసేవారు. దానితో స్నేహితులు గుంపుగా టెండర్లు వేసి సగటును తమకు కావలసిన చోటికి జరుపుకునేవారు, టురిన్‌లో కేసు దాకా వెళ్లింది. ఐరోపా నిర్దేశం చెప్పేది వేరు. ధర మరీ తక్కువగా కనిపిస్తే గుడ్డిగా తోసేయవద్దు, ముందు ‘ఎలా చేస్తావు?’ అని రాసి అడుగు, జవాబు నమ్మేలా లేకపోతే అప్పుడు తీసేయి. మా కంపెనీని రెండుసార్లు అడిగారు. ఒకసారి ఇనుము పాత ధరకు ముందే కొని ఉంచిన రసీదులు చూపించి గట్టెక్కాం. రెండోసారి చూపించలేకపోయాం, పోయింది. నిజానికి పోవలసిందే.

రాయగడ ఓవర్సీరు:
అడగాలంటే జవాబు చదివి తూచగలిగిన మనిషి కుర్చీలో ఉండాలి కదా నాయనా. గణితమైతే కంప్యూటర్ చేసేస్తుంది, ఎవరూ ఎవరినీ అనుమానించరు.

అయితే ఆగే గడువు గురించి నేనూ ఒప్పుకుంటాను. ఉద్యోగం చివరి రోజుల్లో ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచే పనిలో ఉన్నాను. వాళ్ల 2016 నియమాల్లో, ఫలానావారికి ఇవ్వబోతున్నామని అందరికీ తెలిపాక 10 పనిదినాలు ఆగాలి. ఓడినవాడు మూడు పనిదినాల్లో వివరణ అడిగితే ఐదు పనిదినాల్లో చెప్పాలి. మొదట్లో తిట్టుకున్నాను, ఎండాకాలం పనిరోజులు వృథా అని. ఒకసారి ఓడినవాడు వచ్చి ఎదుట కూర్చుని నా లెక్కలోనే కూడిక తప్పు చూపించాడు. సంతకానికి ముందు కాబట్టి దిద్దుకున్నాం. సంతకం అయ్యాక చూపించి ఉంటే? ఆయన మాట నిజమైనా నేను కాదనేవాడిని. ఇంతకంటే విడమరచి రాయను.

సిరొంచ గోదారి:
మాది గడ్చిరోలి జిల్లా చివర, నది దాటితే తెలంగాణ. మాకు నోటీసులు మరాఠీలో, పోర్టల్ ఇంగ్లిషులో, పని చేసేవాళ్లం తెలుగులో. ఐరోపాలో నోటీసు సారాంశం సంఘపు అధికార భాషలన్నిటిలో దొరుకుతుందట. నాకు అది టర్నోవరు షరతు కంటే పెద్ద సంగతి. మా మేనల్లుడు ఒక సరఫరా టెండరులో ‘సగటు’ అన్న మాటకు మరాఠీ పదం అర్థం కాక, మొత్తం అంకె వేసి తిరస్కరణ తెచ్చుకున్నాడు.

ఇంకొకటి. మా వైపు తునికాకు అమ్మకం చాలాచోట్ల గ్రామసభలే చేసుకుంటాయి. అది కొనడం కాదు, అమ్మడం. కానీ ధర అందరి ఎదుట చదువుతారు. ఫిలిప్పీన్స్‌లో 2003 చట్టం టెండర్లు తెరిచేటప్పుడు ఆ పనికి సంబంధించిన వృత్తి సంఘం నుంచి ఒకరిని, స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరిని పరిశీలకులుగా పిలవాలంది. ఉక్రెయిన్‌లో 2016 నుంచి ప్రొజోర్రో అనే వేదిక మీద, వేలంపాట ముగిశాక ఓడినవాళ్ల ధరలూ కాగితాలూ ఎవరైనా చూడవచ్చు. చెట్టు కింద చదివినా తెర మీద చూపించినా పని ఒకటే అనిపిస్తుంది నాకు.

ధర్మాబాద్ చిట్టా:
మీరంతా గెలవడం దగ్గరే ఆగిపోయారు. గెలిచాక డబ్బు రావద్దా? నేను నాందేడ్ జిల్లాలో చిన్న సరఫరాదారులకు లెక్కలు రాస్తాను. చిన్న పరిశ్రమల చట్టం 2006 ప్రకారం 45 రోజుల్లో చెల్లించాలి, దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇంత గట్టి చట్టం ఐరోపాలోనూ లేదని పందెం కాస్తాను. వాళ్లది మామూలుగా 30 రోజుల గడువే కానీ వడ్డీ ఇంత లేదు.

ఇక జరిగేది వినండి. నా దగ్గరికి వచ్చే ఒకాయనకు 14 నెలలు బిల్లు రాలేదు. చిన్న పరిశ్రమల బకాయిల కోసం కేంద్రం పెట్టిన సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించాను. వారంలో ఫోను వచ్చింది, అసలు ఇచ్చేస్తాం, వడ్డీ వదులుకుంటున్నట్టు రాసివ్వమని. రాసిచ్చాడు. మళ్లీ అదే గుమ్మంలో టెండరు వేయాలి కదా.

బరంపురం వకీలు:
అందుకే ఫిర్యాదు వినేవాడు కొనేవాడు కాకూడదు. తమ్ముడూ, పోలండ్‌లో ఎవరు వింటారు? ఖర్చెంత?

గుణుపురం నుంచి వార్సా:
జాతీయ అప్పీళ్ల మండలి అని విడిగా ఉంది, 15 రోజుల్లో తేల్చాలి. కానీ రుసుము ఉంది వకీలు గారూ. గీత కింద ఉన్న చిన్న సరఫరాకైనా 7,500 జ్లోటీలు, మన డబ్బులో లక్షన్నర పైమాటే. గెలిస్తే తిరిగి వస్తుంది. చిన్నవాళ్లు చాలామంది రుసుము చూసే వెనక్కి తగ్గుతారు. ఇక్కడేదో స్వర్గం ఉందనుకోకండి.

గజపతి ఇనుము:
లక్షన్నరా! కటక్ హైకోర్టుకు వెళ్తే ఎంతవుతుందో వకీలు గారిని అడగబోయి ఆగిపోయాను.

బరంపురం వకీలు:
అడగవద్దు. కోర్టు నిర్ణయాన్ని తూచదు, నిర్ణయం చేసిన తీరునే చూస్తుంది. 1994లో టాటా సెల్యులార్ కేసు నుంచి మాట అదే. 2006లో మన ఒడిశా నుంచే వెళ్లిన ఒక కాంట్రాక్టు కేసులో సుప్రీంకోర్టు ఇంకా బిగించింది, ప్రజాప్రయోజనం దెబ్బతిన్నదని కూడా చూపమంది. 46 లక్షల బెంచీలకు మీరు అది చూపలేరు.

మీకు దారి ఓడాక కాదు, వేయకముందే ఉంది. టెండరుకు ముందు సమావేశం పెడితే వెళ్లి టర్నోవరు షరతు తగ్గించమని రాసివ్వండి. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు పాత టర్నోవరు, అనుభవం షరతులు సడలించవచ్చని 2016లో కేంద్రం చెప్పింది. కేంద్ర ఆర్థిక నియమావళి 173వ నియమం ప్రకారం షరతులను ప్రశ్నించే వీలు టెండరు పత్రంలోనే ఉండాలి, తిరస్కరణ కారణం అడిగితే చెప్పాలి. అవి రాష్ట్ర కార్యాలయాన్ని నేరుగా కట్టివేయవు, అయినా ఉటంకించండి. ఉద్యం (చిన్న పరిశ్రమల కేంద్ర పోర్టల్) నమోదులో మీరు ‘తయారీ’ కింద ఉన్నారో లేదో చూసుకోండి. వ్యాపారి అని ఉంటే కేంద్రం ఇచ్చే కొనుగోలు రాయితీలు అందవు.

గజపతి ఇనుము (పన్నెండు రోజుల తర్వాత):
ఉద్యంలో ‘తయారీ’ అనే ఉంది. ఒక ఆసుపత్రికి రాక్‌ల టెండరు పడింది, అంచనా 28 లక్షలు, టర్నోవరు షరతు కోటిన్నర. గురువారం సమావేశానికి వెళ్లాను. వచ్చినవాళ్లం ముగ్గురం. రెండు రెట్లకు తగ్గించమని, లేదా సడలింపు ఇవ్వమని ఉత్తరం ఇచ్చాను. గుమస్తా గారు రెండుసార్లు చదివి, ఈ సమావేశానికి కాగితం పట్టుకుని వచ్చినవారిని ఇదే చూడడం అన్నారు. సవరణ పోర్టల్‌లో ఇంకా పడలేదు. నకలు మీద ముద్ర వేయించుకున్నాను.

రాయగడ ఓవర్సీరు:
ముద్ర సరే, కింద తేదీ వేశారా?

గజపతి ఇనుము:
వేయలేదు మాస్టారూ. రేపు పొద్దున్నే వెళ్తాను.