పాత కార్ బ్యాటరీలో ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టుకునే రసాయనం) వేస్తే ఫలితం ఉంటుందా?

మూతలు తీసి నీళ్లు పోసే రకం 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, వయసు నాలుగేళ్లు దాటింది. పొద్దున మొదటి స్టార్ట్‌కి సెల్ఫ్ మూలుగుతుంది, ఆ క్షణంలో వోల్టేజ్ 9.2కి పడిపోతోంది. ఇంజిన్ వేడెక్కాక ఏ ఇబ్బందీ లేదు.

ఆల్టర్నేటర్ 14.2 ఇస్తోంది, బండి ఆపాక లాగే కరెంట్ 30 మిల్లీ ఆంప్స్ లోపే. కాబట్టి అనుమానం బ్యాటరీ మీదే. టెర్మినళ్లు గీకి శుభ్రం చేశాను, డిస్టిల్డ్ వాటర్ లెవెల్ వరకు పోశాను, విప్పి 4 ఆంప్స్‌తో రాత్రంతా చార్జ్ పెట్టాను. అయినా యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌లో ఐదు సెల్స్ 1.230 దగ్గరే ఆగాయి, పాజిటివ్ పక్కనున్నది 1.190 దాటడం లేదు. ప్లేట్లకు సల్ఫేషన్ (లెడ్ సల్ఫేట్ గట్టిపడి పేరుకోవడం) పట్టిందని నా అంచనా. ఆ సెల్‌లో యాసిడ్ తేటగానే ఉంది, ప్లేట్ల నుంచి రాలే నల్లటి మడ్డి తేలడం లేదు, అందుకే ఇంకా ఆశ చావలేదు.

ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) వేయమని చాలామంది చెప్పారు. ఆ ఉప్పు కరిగినంత మాత్రానే ద్రవం సాంద్రత పెరుగుతుంది కదా, రీడింగ్ చూసి మోసపోవడం తప్ప లాభం ఏముంది? 1953లో అమెరికాలో ఏడీ-ఎక్స్2 అనే, బ్యాటరీలో వేసే సల్ఫేట్ పొడి మీద ఇదే రగడ, అక్కడి ప్రమాణాల సంస్థ పరీక్షల్లో ప్రయోజనం తేలలేదు.

మిగిలింది ఈడీటీఏ. ఇలా ఒక సెల్ వెనకబడిన బ్యాటరీలో అది వేశాక, సెల్ఫ్ కొట్టేటప్పటి వోల్టేజ్ నిజంగా పెరగడం మీలో ఎవరైనా కొలిచి చూశారా?