పురి ఎక్కువైతే మిశ్రమ నూలు కాంపోజిట్‌కు బలమిస్తుందా?

కండె:
జనపనారను పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులతో కలిపి వడికిన మిశ్రమ నూలుతో తేలికైన కాంపోజిట్ పలకలు, అంటే ప్లాస్టిక్‌లో నార ఇమిడిన పలకలు, చేస్తున్నాం. పురి (నూలు మెలి) పెంచినకొద్దీ నూలు పరీక్షా యంత్రం మీద గట్టిగా నిలుస్తోంది, కానీ దానినే వేడి ప్రెస్‌లో పలకగా మార్చి లాగితే తక్కువ పురి నూలుతో చేసిన పలక కంటే ముందే తెగుతోంది. నూలు బలాన్ని బట్టే రకం ఎంచుకోవాలని మా మిల్లులో అంటున్నారు. ఇది సరైనదేనా?

అచ్చు:
సరైనది కాదండి. పొట్టి నారలు ఒకదానినొకటి పట్టుకోవడానికి రాపిడి తప్ప వేరే ఆధారం లేనప్పుడే పురి అవసరం. పలకలో ఆ పనిని కరిగి గట్టిపడిన పాలీప్రొపిలీన్ చేస్తుంది కనుక పురి వల్ల కలిగే మేలు అక్కడితో ఆగిపోతుంది, కీడు మాత్రం మిగులుతుంది. పురి వల్ల నార, పలకను లాగే దిశ నుంచి 20 డిగ్రీలు పక్కకు వాలితే, సాధారణ లెక్క ప్రకారమే సుమారు 12 శాతం బలం పోతుంది. అంతకంటే పెద్ద నష్టం నారంతా ప్లాస్టిక్‌తో తడవకపోవడం: కరిగిన ప్లాస్టిక్ ఎపాక్సీ రెసిన్ (ద్రవంగా పోసి గట్టిపరిచే జిగురు) కంటే వందల రెట్లు చిక్కగా ఉంటుంది, బిగుసుకున్న నూలు లోపలికి అది చేరదు, ఆ పొడి భాగాల దగ్గరే పలక చీలడం మొదలవుతుంది.

గోగునార:
మీరు ప్రెస్ దగ్గర నిలబడి మాట్లాడుతున్నారు, నేను మగ్గం దగ్గర నుంచి అడుగుతున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దొరికే గోగునార జనపనార కంటే ముతక. దానికి పురి తీసేస్తే పడుగు (నిలువు నూలు) పన్నె (మగ్గం మీది దువ్వెన లాంటి పరికరం) దాటకముందే విడిపోతుంది. నేయలేని నూలు పలకలో ఎంత బలమిస్తే ఏం లాభం?

అచ్చు:
మీ అభ్యంతరం న్యాయమైనదే, అయితే దానికి మార్గం ఉంది. నారలను సమాంతరంగా ఉంచి, వాటి చుట్టూ సన్నని పాలీప్రొపిలీన్ తంతువును చుడితే, మగ్గం మీద లాగినప్పుడు ఆ చుట్టు బిగిసి నారలను పట్టి ఉంచుతుంది, ప్రెస్‌లో కరిగి మాట్రిక్స్‌లో, అంటే నారలను పట్టి ఉంచే ప్లాస్టిక్‌లో, కలిసిపోతుంది. ప్లాస్టిక్ అంతా బయటే ఉంటే నడుమ నార పొడిగా మిగులుతుంది కాబట్టి, కొంత పాలీప్రొపిలీన్‌ను ముందే నారతో కలిపి ఏకాలి (దువ్వి కలపాలి). పాలీప్రొపిలీన్ సుమారు 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నార 200 దాటితే చెడటం మొదలవుతుంది. ఈ ఇరుకు హద్దు వల్లనే 220 దగ్గర కరిగే నైలాన్ 6 ఇక్కడ పనికిరాదు. ప్రెస్‌కు ముందు నారను ఆరబెట్టడం మరవకండి, లేకపోతే దానిలోని తేమ ఆవిరై పలకలో బుడగలు మిగులుస్తుంది.

కండె:
కొంత గాజు పోగు చేర్చితే రెండింటి బలం కలిసివస్తుందా?

అచ్చు:
కూడిక అలా కుదరదండి. జనపనార 2 శాతం సాగకముందే తెగుతుంది, గాజు 4 శాతం దాటి సాగుతుంది. నార తెగే క్షణానికి గాజు తన శక్తిలో సగం కూడా వాడి ఉండదు, ఆ భారమంతా ఒక్కసారిగా దాని మీద పడుతుంది. గాజు తగినంత ఉంటేనే నిలుస్తుంది, కానీ నీటితో పోలిస్తే దాని సాంద్రత 2.5 రెట్లు, నారది 1.4 రెట్ల చుట్టుపక్కల కనుక మీరు కోరిన తేలికదనం తగ్గిపోతుంది.

గోగునార:
చుట్టు నూలును నేసి చూస్తాను. అయితే కండె గారూ, మీ రెండు పలకల్లో నార వాటా సమానంగా ఉందో లేదో ముందు తూచి చెప్పండి. అది తేడాగా ఉంటే పురి గురించి మనం చేసిన పోలిక చెల్లదు.