డేటా లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ ఎలా పనిచేస్తుంది?

ప్రశ్న:
మొన్న కొండదారిలో నడుస్తుండగా సిగ్నల్ పూర్తిగా పోయింది. అయినా మ్యాప్‌లోని నీలిచుక్క నాతోపాటే కదులుతూ వచ్చింది. దాని చుట్టూ మాత్రం దారులు, పేర్లు ఏవీ లేవు, బూడిదరంగు గళ్లే ఉన్నాయి. ఇంటర్నెట్ లేకుండా నేనెక్కడున్నానో ఫోన్‌కు ఎలా తెలిసింది? తెలిసినప్పుడు మ్యాప్ ఎందుకు రాలేదు?

సమాధానం 1:
అవి రెండూ వేర్వేరు పనులండీ. మ్యాప్ బొమ్మలు సర్వర్ నుంచి రావాలి కాబట్టి ఆగిపోయాయి. స్థానం కనుక్కునేది ఫోన్‌లోని జీపీఎస్ చిప్. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తమ పరమాణు గడియారాల సమయాన్నీ, తమ కక్ష్య వివరాలనూ నిరంతరం ప్రసారం చేస్తుంటాయి. రేడియోలాగా ఫోన్ వాటిని వింటుందే తప్ప తిరిగి ఏమీ పంపదు. సంకేతం చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం తేలుతుంది. మూడు ఉపగ్రహాలు చాలవా అనిపిస్తుంది గానీ, ఫోన్ గడియారంలో సెకనులో పది లక్షలవ వంతు తేడా ఉన్నా దూరం 300 మీటర్లు తప్పుతుంది కాబట్టి, ఆ తప్పును కూడా లెక్కగట్టడానికి నాలుగో ఉపగ్రహం తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. అయితే అక్కడే ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే, చుక్క సరైన చోటికి రావడానికి చాలాసేపు పట్టింది. డేటా ఉన్నప్పుడు వెంటనే వస్తుంది కదా?

సమాధానం 2:
డేటా చేసే సాయం అక్కడే ఉంది. ఉపగ్రహం తన వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున, చాలా నెమ్మదిగా పంపుతుంది. కక్ష్య వివరాలు 30 సెకన్లకోసారి మళ్లీ మొదటినుంచి వస్తాయి. మధ్యలో చెట్టో బండో అడ్డొచ్చి ఒక ముక్క జారిపోతే, అది మళ్లీ వచ్చేదాకా ఆగాల్సిందే. డేటా ఉంటే అవే వివరాలు సర్వర్ నుంచి క్షణాల్లో దిగుతాయి. దీన్నే ఏ-జీపీఎస్ అంటారు. ఆకాశం బాగా కనిపించే చోట కదలకుండా కాసేపు నిలబడితే ఫోన్ త్వరగా కుదురుకుంటుంది.

సమాధానం 3:
బయలుదేరే ముందే ఆ ప్రాంతపు మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌కు డౌన్‌లోడ్ చేసుకోండి. ఇంకొక మాట చాలామంది పొరబడే విషయం కనుక చెబుతున్నాను: సిగ్నల్ లేనిచోట మీ స్థానం మీ ఫోన్‌కు తెలుస్తుంది గానీ, ఇంట్లోవాళ్లకు తెలియదు. లైవ్ లొకేషన్ అక్కడే నిలిచిపోతుంది. అక్షాంశ రేఖాంశాలు మెసేజ్‌లో రాసి పెట్టుకుంటే, డేటా రాకపోయినా కాస్త సిగ్నల్ తగిలిన చోట ఎస్ఎమ్ఎస్‌గా పంపవచ్చు.