రక్తదాతల జాబితా చూసే వాలంటీర్లు ఆధార్ ఇవ్వాలా?

పాతపట్నం_అడ్మిన్: మన జాబితాలో దాతల ఫోన్ నంబర్లు, ఊళ్ళు అన్నీ ఉన్నాయి. మొన్న ఎవడో నంబర్లు లాగి ఆడపిల్లలకి రాత్రిళ్ళు ఫోన్లు చేశాడు. ఇకమీదట జాబితా తెరవాలంటే వాలంటీర్లు ఆధార్ కాపీ పంపాల్సిందే. సోమవారం గడువు.

గుణుపురం_మాస్టారు: కార్డున్నవాడు వెధవ పని చెయ్యడా? వికీపీడియా నడిపే వికీమీడియాలో, వాడుకరుల ఐపీ అడ్రసులు (ఏ నెట్ కనెక్షన్ నుంచి వచ్చారో చెప్పే నంబర్లు) చూసే వాలంటీర్లని ఒకప్పుడు గుర్తింపు కార్డు కాపీ అడిగేవారు. తర్వాత మానేశారు. ఇప్పుడు 18 ఏళ్ళు నిండాలి, గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఆ ఐపీ వివరాలు కూడా 90 రోజులకి చెరిగిపోతాయి. మన జాబితాలోనో? ఊరొదిలి పోయినవాళ్ళ నంబర్లు కూడా అలాగే పడున్నాయి. ముందు అవి తీయండి.

రాయగడ_రాణి: వికీమీడియాకి వచ్చే ఈమెయిళ్ళకి జవాబిచ్చే వాలంటీర్లకి 16 ఏళ్ళు చాలు కదా మాస్టారూ?

పాతపట్నం_అడ్మిన్: 16 ఏళ్ళ గుంటడికి ఆడపిల్లల నంబర్లిమ్మంటారేటి!

గుణుపురం_మాస్టారు: నేనన్నానా ఆ మాట? నేనడిగింది పాత నంబర్ల గురించి.

కిమిడి_కుర్రోడు: ఆధార్ అంటేనే భయం నాకు. సిమ్ కొట్లో జిరాక్సిస్తే నా పేరు మీద ఇంకో సిమ్ లేచింది. స్టేషన్ చుట్టూ తిరిగింది నేను.

పాతపట్నం_అడ్మిన్: మాస్క్ చేసిన ఆధార్ పంపు. చివరి 4 అంకెలే కనబడతాయి.

కిమిడి_కుర్రోడు: పంపాను బాబూ! ‘ఒడియాలో ఉంది, తెలుగు కార్డు పంపు’ అన్నారు మీలో ఒకరు. కింద ఇంగ్లీషులో నా పేరు లేదా? మా పర్లాకిమిడి 1936లోనే ఒడిశాలో కలిసిపోయింది. తెలుగు కార్డు ఎక్కణ్ణుంచి తేను?

పాతపట్నం_అడ్మిన్: తెలీక అన్నాడు. దాన్ని పట్టుకుని లాగకు.

కిమిడి_కుర్రోడు: ఎందుకు లాగను? అడ్మిన్లు ముగ్గురూ ఆంధ్రా వైపే. దాతల్లో సగం పైగా మా ఒడిశా వైపువాళ్ళు. బరంపురం ఆస్పత్రికి అర్ధరాత్రి పరిగెత్తేది మేము. మా కార్డులు మీ ఫోన్లలో ఉంటాయి, మీ కార్డులు ఎవరు చూశారు?

రాయగడ_రాణి: ఆ కాపీలు ఎన్నాళ్ళుంచుతారు? ఫోన్ అమ్మేస్తే?

పాతపట్నం_అడ్మిన్: గ్రూపు పెట్టింది మేము. మమ్మల్నే అనుమానిస్తే ఎలా?

గుణుపురం_మాస్టారు: మీరు మమ్మల్ని అనుమానించొచ్చు కాబోలు.

పాతపట్నం_అడ్మిన్: సరే, మీ వైపు నుంచి ఒక అడ్మిన్‌ని పెడదాం.

కిమిడి_కుర్రోడు: ఇద్దరు. కార్డులు ముందు మీవి.

రాయగడ_రాణి: సోమవారం గడువు ఉన్నట్టా, లేనట్టా? ఎవరైనా చెప్పండి.