వాలు నేల మీద ట్రావెల్ ట్రైలర్: ముందు ట్రక్కు విప్పాలా, ముందు లెవెల్ చేయాలా?

కొత్తట్రైలర్_అట్లాంటా:
అందరికీ నమస్కారం. ఈ వేసవిలో ఒక పాత ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) కొన్నాం. 24 అడుగులు, రెండు యాక్సిళ్ళు, సామానుతో కలిపి 6000 పౌండ్ల దాకా ఉంటుంది. పికప్ ట్రక్కుతో లాగుతున్నాం. లేబర్ డేకి నాలుగు కుటుంబాలం కలిసి స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్‌లో పక్కపక్కనే సైట్లు తీసుకున్నాం. మా సైటు ఫొటోలో చూస్తే వెనక్కి వాలుగా ఉంది, పైగా ఎడమవైపు పల్లం. ఒక ఫ్రెండ్ ముందు ట్రక్కు విప్పేసి, నాలుగు మూలల్లో ఉన్న జాక్‌లతో లేపుకోమంటున్నాడు. ఇంకొకాయన ట్రక్కుకి తగిలించి ఉండగానే లెవెల్ చేయాలంటున్నారు. ఏది సరైన పద్ధతి? ఇద్దరు చిన్నపిల్లలున్నారు, కాస్త టెన్షన్‌గా ఉంది.

పాత_మెకానిక్:
మీ ఫ్రెండ్ చెప్పిన పద్ధతి వద్దండీ. మూలల్లో ఉండేవి స్టెబిలైజర్లు. లోపల నడిచినప్పుడు ట్రైలర్ ఊగకుండా ఆపడం వరకే వాటి పని. ట్రైలర్ బరువంతా చక్రాల మీద, ముందు కొనని ఎత్తి దించే టంగ్ జాక్ మీద ఉండాలి. ఒక మూలని స్టెబిలైజర్‌తో లేపితే ఫ్రేమ్ మెలిపడుతుంది. తలుపు సరిగా పడదు, స్లైడ్-అవుట్ (బయటికి జరిగే గది భాగం) ఉంటే అది ఒరుసుకుంటుంది. జాక్ స్క్రూ వంగినా ఆశ్చర్యం లేదు.

ముందు పక్కవాటు వాలు సరిచేసుకోవాలి. అది ట్రక్కుకి తగిలించి ఉండగానే. పల్లంవైపు రెండు టైర్ల ముందూ దిమ్మెలు పరిచి, వాటి మీదకి మెల్లగా ఎక్కించండి. రెండు యాక్సిళ్ళు కాబట్టి ఆ పక్క రెండు టైర్లూ ఒకే ఎత్తుకి లేవాలి, టైరు వెడల్పు మొత్తం దిమ్మె మీద ఉండాలి. సగం టైరు గాల్లో ఉంటే టైరు లోపలి తీగలు దెబ్బతింటాయి. ఆ తర్వాత రెండువైపులా చక్రాలకి చాక్స్ (దొర్లకుండా పెట్టే అడ్డు ముక్కలు) బిగించాలి. అవి బిగించాకే కప్లర్, అంటే ట్రక్కు బాల్ మీద కూర్చునే ట్రైలర్ కొక్కెం, విప్పడం. ముందు-వెనకల వాలు టంగ్ జాక్‌తో సరిచేసి, స్టెబిలైజర్లు చివర్లో నేలకి ఆనించండి.

హిల్‌కంట్రీ_వాసు:
మెకానిక్ గారు పుస్తకంలో ఉన్నది చెప్పారు. నేను టెక్సాస్ హిల్ కంట్రీలో రాళ్ళ నేల మీద క్యాంపింగ్ చేసేవాణ్ణి. వెనక స్టెబిలైజర్లతో రెండంగుళాలు లేపుతాను, నా తలుపు ఇప్పటికీ చక్కగా పడుతుంది. చాక్స్ గురించి కూడా మరీ అంత హడావుడి అక్కర్లేదు బ్రదర్. రెండు టైర్ల మధ్య బిగించే ఎక్స్-చాక్స్ కొనుక్కో. చక్రం తిరగకపోతే ట్రైలర్ కదలదు. అంతే.

లక్ష్మి_షార్లెట్:
తలుపు సంగతి సరేనండీ, ఫ్రిజ్ సంగతి ఎవరూ మాట్లాడరేం? పార్క్ లోపల చాలా సైట్లలో కరెంటు కనెక్షన్ ఉండదు, పాత ట్రైలర్ అంటే బహుశా ప్రొపేన్ మీద నడిచే ఫ్రిజ్. దాంట్లో అమ్మోనియా ద్రవం తనంత తానే కిందికి పారాలి, పంపు ఉండదు. ఒక పక్కకి వంగి ఉంటే అది ఎక్కడో నిలిచిపోతుంది, బాయిలర్ వేడెక్కి కూలింగ్ యూనిట్ పూర్తిగా పోతుంది. ఫ్రిజ్‌కి ఎదురుగా నిలబడి చూస్తే పక్కవాటు 3 డిగ్రీలు, ముందు-వెనకలు 6 డిగ్రీలు దాటకూడదని మాన్యువల్లో ఉంటుంది. మా ఫ్రిజ్ అలాగే పోయింది. వారంటీ అడిగితే డీలర్ "లెవెల్‌లో పెట్టలేదు కాబట్టి వర్తించదు" అన్నాడు. అమ్మేటప్పుడు ఆ ముక్క ఒక్కసారి కూడా చెప్పలేదు.

హిల్‌కంట్రీ_వాసు:
లక్ష్మి గారూ, ఇప్పుడొచ్చే వాటిలో చాలావరకు 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లు. ఇంట్లో ఫ్రిజ్ లాంటివే. నాది అదే. కాస్త వంగినా ఏమీ కాదు.

లక్ష్మి_షార్లెట్:
ఆయన పాత ట్రైలర్ అని మొదటి వాక్యంలోనే రాశారు కదా. మీ ఫ్రిజ్ గురించి ఆయన అడగలేదు.

శీను_డల్లాస్:
ఫాలో అవుతున్నా. మాదీ ఇదే సమస్య.

పాత_మెకానిక్:
ఫ్రిజ్ మీద లక్ష్మి గారి మాట నిజం. లెక్క కూడా చెబుతా. ఎడమ టైరుకీ కుడి టైరుకీ మధ్య సుమారు ఆరడుగుల దూరం అనుకుంటే, 3 డిగ్రీలంటే దాదాపు నాలుగంగుళాల తేడా. నాలుగంగుళాలంటే కంటికి స్పష్టంగా తెలిసే వంపు. మంచం మీద పడుకుంటే రక్తం తలకెక్కుతుంది. మనిషికి ఇబ్బందిగా లేకపోతే ఫ్రిజ్‌కి కూడా మామూలుగా ఇబ్బంది ఉండదు. ఇది మొదట తేల్చుకోవాల్సిన విషయం కాదు.

వాసు గారి ఎక్స్-చాక్స్ దగ్గర ఆగాలి. అవి చెడ్డవి కావు, ట్రైలర్ ఊగడం బాగా తగ్గిస్తాయి. కానీ అవి రెండు టైర్లనీ మధ్య నుంచి నొక్కి పట్టి ఉంచుతాయి. సాయంత్రం ఎండలో బిగిస్తే, రాత్రి కొండల్లో చల్లబడి టైరు గాలి తగ్గుతుంది, పట్టు వదులవుతుంది. పైగా "చక్రం తిరగకపోతే కదలదు" అన్నది గట్టి నేల మీద మాట. వదులు కంకర మీద తిరగని చక్రం కూడా జారే అవకాశం ఉంది. 5 డిగ్రీల వాలులో 6000 పౌండ్ల ట్రైలర్ కిందికి లాగే బలం 520 పౌండ్ల పైమాటే. దానికి టైరు కింద నేలకి ఆనిన అడ్డు కావాలి. పల్లంవైపు నుంచి టైరుకి గట్టిగా తన్ని పెట్టిన రబ్బరు చాక్స్, అదీ రెండు పక్కలా.

హిల్‌కంట్రీ_వాసు:
520 పౌండ్లు కాగితం మీద. నా ట్రైలర్ ఒక్కసారి కూడా జారలేదు. ఒక్క అంగుళం కూడా.

పాత_మెకానిక్:
జారనంత మాత్రాన పద్ధతి సరైనదని కాదండీ. మారేడుమిల్లి ఘాట్‌లో లారీ ఆగితే క్లీనర్ బ్రేకు మీద నమ్మకం పెట్టడు, ముందు దిగి రాయి పెడతాడు. ఇక్కడ ట్రైలర్‌కి అసలు పార్కింగ్ బ్రేకే లేదు.

ఒహాయో_రవి:
ట్రైలర్ ముందుండే బ్రేక్-అవే పిన్ లాగేస్తే ఎలక్ట్రిక్ బ్రేకులు పడతాయి కదా? పార్కింగ్ బ్రేకులా వాడొచ్చు.

పాత_మెకానిక్:
వద్దండీ. అది దారిలో ట్రైలర్ తెగిపోతే ఆపడానికి పెట్టింది. లాగి ఉంచితే బ్యాటరీ ఖాళీ అవుతుంది, బ్రేక్ మాగ్నెట్లు వేడెక్కి పాడవుతాయి. బ్యాటరీ అయిపోగానే బ్రేకూ పోతుంది, అది మీరు నిద్రలో ఉన్నప్పుడు.

ఇంకో ప్రమాదం గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (ట్రైలర్ ముందు బరువుని ట్రక్కు అన్ని చక్రాలకీ పంచే కొక్కెం) ఉంటే దాని స్ప్రింగ్ బార్లు విప్పడానికి చాలామంది టంగ్ జాక్‌తో ముందు భాగాన్ని పైకి లేపుతారు. కప్లర్ ఇంకా బాల్‌కి తగిలే ఉంటుంది కాబట్టి ట్రక్కు వెనక భాగం కూడా దాంతో లేస్తుంది. పికప్‌లో పార్కింగ్ బ్రేకు పట్టి ఉంచేది వెనక చక్రాలనే. టూ వీల్ డ్రైవ్ అయితే పార్క్ గేరు కూడా అంతే. ఆ చక్రాలు నేల మీద తేలికైపోతే ట్రక్కుకి ఇక పట్టు లేదు. ట్రైలర్‌కి చాక్స్ లేకపోతే రెండూ కలిసి వాలు దిగుతాయి. అందుకే జాక్ హ్యాండిల్ ముట్టుకునే ముందే చాక్స్ పడాలి.

చాక్స్ పెట్టాక ట్రక్కు బ్రేకు మెల్లగా వదిలి, ట్రైలర్ బరువు వాటి మీదకి రానివ్వండి. కదలకుండా నిలబడిందంటే అప్పుడు పార్కింగ్ బ్రేకు వేసి దిగండి. సేఫ్టీ చైన్లు మాత్రం కప్లర్ బాల్ నుంచి పూర్తిగా లేచి, ట్రైలర్ కదలడం లేదని చూసుకున్నాకే తీయాలి.

హిల్‌కంట్రీ_వాసు:
నాది 4x4. ఆ సమస్య నాకు లేదు.

పాత_మెకానిక్:
ఫోర్-హైలో (నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళే సెట్టింగ్) పెట్టి ఆపితే పార్క్ గేరు ముందు చక్రాలని కూడా పడుతుంది. మామూలుగా టూ-హైలో (వెనక చక్రాలకే పవర్) వదిలేస్తే 4x4 అయినా అంతే.

హిల్‌కంట్రీ_వాసు:
ఇలా ప్రతిదానికీ భయపెడితే కొత్తవాళ్ళు ఇల్లు కదలరు. అతను అడిగింది చిన్న ప్రశ్న. సైటు వాలుగా ఉంది, ఎలా పెట్టాలి అని. దిమ్మెలు వెయ్, చాక్స్ వెయ్, ఎంజాయ్ చెయ్. ఇంత భయం ఉన్నవాళ్ళు హోటల్ బుక్ చేసుకోవడం మంచిది.

లక్ష్మి_షార్లెట్:
వాసు గారూ, ఆ హోటల్ మాట వెనక్కి తీసుకోండి.

ఇంతసేపూ ఫ్రిజ్ గురించి మాట్లాడాను, అసలు విషయం అది కాదు. ఫ్రిజ్ పోయిన ఆ ట్రిప్‌లోనే, అదే సైట్లో మా ట్రైలర్ వెనక్కి దొర్లింది. నేను సైటు చూడగానే ఇది వద్దు, మార్చమని అడుగుదాం అన్నాను. మాతో వచ్చిన పెద్దాయన ఒకరు "అందరం ఒకచోట ఉండాలి కదమ్మా, సర్దుకుపొండి" అన్నారు. చాక్స్ నేను చూసుకుంటానన్నదీ ఆయనే. మా అబ్బాయిని వెనక నిలబెట్టి, సిగ్నల్ ఇమ్మన్నదీ ఆయనే. ట్రైలర్ కదిలినప్పుడు మా వారు వాణ్ణి చెయ్యి పట్టి పక్కకి లాగారు. అడుగున్నర దొర్లి చెట్టుకి ఆనుకుంది. ఆ చెట్టుకీ ట్రైలర్‌కీ మధ్యే మా వాడు నిలబడింది.

తర్వాత ఆ గ్రూప్‌లో నేను "ఊరికే గొడవ చేసే మనిషి"నయ్యాను. చాక్స్ గురించి ఇక్కడ ఇన్ని మాటలయ్యాయి, పిల్లలు ఎక్కడ నిలబడాలో మాత్రం ఒక్కరూ రాయలేదు.

శీను_డల్లాస్:
అక్కా, బాబు బాగున్నాడు కదా?

లక్ష్మి_షార్లెట్:
బాగున్నాడు తమ్ముడూ. థాంక్స్.

హిల్‌కంట్రీ_వాసు:
లక్ష్మి గారూ, హోటల్ మాట మీ గురించి అన్నది కాదు. మీ అబ్బాయికి ఏమీ కానందుకు సంతోషం.

కానీ నా వైపు కూడా వినండి. సైటు మార్చమని అడిగితే మార్చేస్తారా? ఒక ప్రైవేట్ క్యాంప్‌గ్రౌండ్‌లో నేను అడిగాను. ఖాళీ లేదన్నారు, డబ్బు వాపసు ఇవ్వం అన్నారు. చీకటి పడుతోంది, వెనక సీట్లో మా అమ్మ, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. అక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్ళాలి? ఆ రాత్రి నాకు తెలిసిన పద్ధతిలో నిలబెట్టుకున్నాను. "ఈ సైటు వద్దు" అనడం ఆప్షన్లున్న వాళ్ళకి. లేనివాళ్ళకి ఏ నేల మీదైనా ట్రైలర్ పెట్టడం వచ్చి ఉండాలి.

లక్ష్మి_షార్లెట్:
రావాలి, కాదనను. కానీ ఎంత వచ్చినవాళ్ళయినా వద్దని వెళ్ళిపోవాల్సిన సైట్లు ఉంటాయి. మీరు ఆ రెండోది ఒప్పుకోవడం లేదు. అది ఎవరు చెప్పాలన్నది కూడా ముఖ్యమే. స్టీరింగ్ పట్టుకున్నాయన ఒక్కడే తేల్చకూడదు. వెనక నిలబడిన మనిషి "వద్దు" అంటే అక్కడితో ఆగిపోవాలి. అది భార్య అయినా సరే, పదేళ్ళ పిల్లాడైనా సరే.

పాత_మెకానిక్:
లక్ష్మి గారూ, ఇది నేను మొదటి పోస్టులోనే రాయాల్సింది. ట్రైలర్ వెనక, పల్లంవైపు ఎవరూ ఉండకూడదు. ట్రక్కుకీ ట్రైలర్‌కీ మధ్యలో కూడా. సిగ్నల్ ఇచ్చేవాళ్ళు పక్కన, డ్రైవర్ అద్దంలో కనబడేట్టు, ఎగువవైపు నిలబడాలి. పిల్లలు ట్రైలర్‌కి దూరంగా పిక్నిక్ టేబుల్ దగ్గరో, ఇంకో కుటుంబం దగ్గరో కూర్చోవాలి. చైన్లు తీశాక స్టెబిలైజర్లు దించడానికి వెనక్కి వెళ్ళేముందు చాక్స్ ఇంకోసారి చూడాలి. టంగ్ జాక్ లేపినా దించినా చక్రాలు కాస్త కదులుతాయి, చాక్స్ వదులయ్యే అవకాశం ఉంది.

ఇక అట్లాంటా గారికి. సైటు వెనక్కి వాలు అన్నారు. అంటే ట్రైలర్ ముక్కు పైకి ఉంటుంది, దాన్ని దించాలి. టంగ్ జాక్ పూర్తిగా దించినా ముక్కు ఇంకా పైనే ఉంటే రెండువైపులా చక్రాల కింద దిమ్మెలు వేసి యాక్సిళ్ళనే ఎత్తాలి. ఎడమవైపు ఇంకా ఎక్కువ. అలా దిమ్మెల మీద దిమ్మెలు పేర్చాల్సి వస్తుందని ముందే అనిపిస్తే, ఆ సైటులోకి అసలు వెనక్కి పెట్టకండి. తయారీదారు చెప్పిన ఎత్తు దాటి ఎప్పుడూ పేర్చకూడదు.

హిల్‌కంట్రీ_వాసు:
పిల్లల్ని దూరంగా పెట్టాలన్నది ఒప్పుకుంటా. స్టెబిలైజర్ల మీద మాత్రం నా మాట మార్చను.

కొత్తట్రైలర్_అట్లాంటా:
అందరికీ థాంక్స్. మా ఆవిడ ఈ థ్రెడ్ మొత్తం చదివింది. మా గ్రూప్‌కి ఇవాళే చెప్పాం, మేం క్యాంప్‌గ్రౌండ్‌లోనే వేరే లూప్‌లో (ఇంకో వరస సైట్లు) చూసుకుంటామని. ఒకరు కాస్త నొచ్చుకున్నారు. రిజర్వేషన్ వెబ్‌సైట్‌లో సమంగా ఉన్నది ఒకటి ఖాళీగా కనిపిస్తోంది, ఫొటోలో కుడివైపు మాత్రం కొంచెం దిగినట్టుంది. రెండంగుళాల తేడా అయితే ఒక్కోటి అంగుళం ఎత్తుండే ప్లాస్టిక్ దిమ్మెలు రెండు వరసలు సరిపోతాయా, లేక వంపు ర్యాంప్ కొనడం మంచిదా?

పాత_మెకానిక్:
రెండంగుళాలకి ఏదైనా సరిపోతుంది. దిమ్మెలైతే కింది వరస పొడవుగా, పై వరస ఒక దిమ్మె తక్కువగా వేయండి, టైరు మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. ర్యాంప్ అయితే రెండు టైర్లకి రెండు కావాలి. యాక్సిళ్ళు దగ్గరదగ్గరగా ఉంటే రెండో ర్యాంప్ చివర టైరుకి తగులుతుంది, ఇంట్లోనే ఒకసారి పెట్టి చూసుకోండి.

లక్ష్మి_షార్లెట్:
చాక్స్ కూడా రెండు జతలు కొనండి. ఒక జత గ్రూప్‌లో వాళ్ళు ఇస్తారులే అనుకోకండి.