కంపెనీ కొనిచ్చిన ఏడాది రైలు పాస్ పోయింది, మిగతా కిస్తీలు నేనెందుకు కట్టాలి?

పిల్లలమర్రి_నీడ (చర్చ మొదలుపెట్టినవారు)
మాది మహబూబ్‌నగర్. కొత్తూరు వైపు ఒక కంపెనీలో ప్రొడక్షన్‌లో పనిచేస్తాను. రోజూ రైల్లో షాద్‌నగర్ దాకా వెళ్లి అక్కడి నుంచి షేర్ ఆటో ఎక్కుతాను. నిరుడు మా వాళ్లు ఒక స్కీమ్ పెట్టారు. ఏడాది సెకండ్ క్లాస్ సీజన్ టికెట్ డబ్బు మొత్తం కంపెనీ ముందే కడుతుంది, మన జీతంలోంచి పది నెలలు కోసుకుంటుంది. వడ్డీ లేదు. బాగానే ఉంది కదా అని సంతకం పెట్టాను.

నాలుగో నెలలో షాద్‌నగర్‌లో దిగేటప్పుడు తోపులాటలో పర్సు పోయింది. ఆధార్, ఏటీఎం కార్డు, పాస్ అన్నీ అందులోనే ఉన్నాయి. ఆధార్ మళ్లీ ప్రింట్ తీసుకున్నాను, బ్యాంకు కొత్త కార్డు ఇచ్చింది. రైల్వే కౌంటర్‌లో మాత్రం పోయిన సీజన్ టికెట్‌కి డూప్లికేట్ ఉండదు, మళ్లీ కొనుక్కో అన్నారు. హెచ్ఆర్ దగ్గరికి వెళ్తే "పాత కిస్తీలు ఆగవు. కావాలంటే ఇంకో పాస్ కొనిస్తాం, దాని కటింగ్ వేరే" అన్నారు. అంటే లేని పాస్‌కి ఒక కటింగ్, ఉన్న పాస్‌కి ఇంకో కటింగ్. ఇదెక్కడి న్యాయం? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_పంతులు
పర్సు నీది. పాస్ మీద పేరు నీది. పోగొట్టుకున్నదీ నువ్వే. కంపెనీ చేసిన తప్పేంటి తమ్మీ?

అకౌంట్స్_అన్న
నేను జడ్చర్ల దగ్గర ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. మా దగ్గరా ఇలాంటి స్కీమే ఉంది కాబట్టి అటువైపు సంగతి కూడా చెప్తాను. కంపెనీ మీకు పాస్ దానం చేయలేదు, డబ్బు అప్పిచ్చింది. ఆ డబ్బు రైల్వేకి వెళ్లిపోయింది. పాస్ పోయిందని రైల్వే ఆ డబ్బు కంపెనీకి వెనక్కి ఇస్తుందా? ఇవ్వదు. మరి ఎవరు భరించాలి? ఫైనాన్స్‌లో బైక్ కొన్నాక బైక్ ఎవడో ఎత్తుకుపోతే కిస్తీ ఆగుతుందా? ఇదీ అంతే. పైగా మీకు వడ్డీ కూడా లేదు. ప్రతి ఏడాదీ ఒకరిద్దరు వచ్చి ఇదే అడుగుతారు. ఒకరికి మాఫీ చేస్తే రేపు పది మందివి పోతాయి.

మన్యంకొండ_మెట్లు
బైక్‌కి ఇన్సూరెన్స్ ఉంటుంది అన్నా. మీ పాస్‌కి చేయించారా?

అకౌంట్స్_అన్న
థర్డ్ పార్టీ ఒక్కటే కడితే దొంగతనానికి పైసా రాదు. ముందు అది తెలుసుకోండి.

మన్యంకొండ_మెట్లు
థర్డ్ పార్టీ ఒక్కటే కడితే ఫైనాన్స్ వాడు బండి ఇస్తాడా? నేను మూడు బండ్లు కొన్నాను, ఒక్కడూ ఇవ్వలేదు.

(ఇక్కడ బైక్ ఇన్సూరెన్స్ మీద వచ్చిన పోస్టులు వేరే చర్చకి మార్చాం. దయచేసి అసలు విషయానికి రండి. — నిర్వాహకులు)

నల్లకోటు
లేబర్ కేసులు చూస్తాను కాబట్టి రెండు మాటలు. జీతంలో కోత యజమాని ఇష్టం కాదు. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం సెక్షన్ 7లో ఏయే కోతలు కోయవచ్చో రాసి ఉండేది. అడ్వాన్స్ ఇస్తే దాన్ని కోసుకోవచ్చు. కంపెనీ వస్తువు మీ చేతికి అప్పగిస్తే, మీ నిర్లక్ష్యం వల్లే అది పోతే, దానికీ కోయవచ్చు. కానీ ముందు మిమ్మల్ని సంజాయిషీ అడగాలి. 2025 నవంబర్ నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఇదే పద్ధతి ఉంది, మొత్తం కోతలు జీతంలో సగం దాటకూడదన్న హద్దూ ఉంది. కాబట్టి మీ పాస్ అడ్వాన్సా, కంపెనీ వస్తువా అన్నది తేలాలి. మీరు సంతకం పెట్టిన ఫారమ్‌లో ఏముంది?

పిల్లలమర్రి_నీడ
ఇప్పుడే తీసి చూశాను సార్. పైన "ట్రావెల్ అడ్వాన్స్" అని ఉంది. కింద నాలుగో షరతులో "ఉద్యోగం మానేసేటప్పుడు పాస్‌ను కంపెనీకి అప్పగించాలి, అది కంపెనీ ఆస్తి" అని ఉంది.

నల్లకోటు
బాగుంది. కిస్తీల దగ్గరేమో మీది, మానేసేటప్పుడేమో వాళ్లది. ఆ ఫారమ్ జిరాక్స్ తీసి దాచుకోండి. సంజాయిషీ అడగకుండా ఎలా కోస్తున్నారని లెటర్ ఇచ్చి, మీ కాపీ మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి. నోటిమాటగా వదిలేయకండి.

అకౌంట్స్_అన్న
వకీలు గారూ, ఆ షరతు ఎందుకు పెడతారో నేను చెప్తాను. సీజన్ టికెట్ వేరేవాళ్లు వాడటానికి లేదు, ఫొటో గుర్తింపు కార్డుతో ముడిపడి ఉంటుంది. కంపెనీ దాన్ని తీసుకుని ఏం చేసుకుంటుంది? మానేసినవాడు కిస్తీలు ఎగ్గొట్టి పాస్ వాడుకుంటూ తిరగకూడదని పెట్టిన షరతు అది. దాన్ని పట్టుకుని పాస్ కంపెనీదే అనడం తెలివితేటలు.

లెక్కల_పంతులు
అసలు కాగితం పాస్ ఎందుకు తీసుకున్నావు తమ్మీ? రైల్వే యాప్‌లోనే సీజన్ టికెట్ దొరుకుతుంది కదా. ఫోన్‌లో ఉంటే పర్సు పోయినా పాస్ పోయేది కాదు. దీనికి జవాబు చెప్పు ముందు.

పిల్లలమర్రి_నీడ
కంపెనీ మనిషి అందరివీ కలిపి కౌంటర్‌లో తెచ్చాడు సార్. మమ్మల్ని అడగలేదు.

లెక్కల_పంతులు
నువ్వు అడగాల్సింది.

పిల్లలమర్రి_నీడ
అడిగితే బిల్లు కంపెనీ పేరు మీద రాదు, మీ ఫోన్లో కొంటే మేం డబ్బు ఇవ్వలేం అంటారు సార్.

లెక్కల_పంతులు
అంటారా, అన్నారా?

జడ్చర్ల_అక్క
పంతులు గారూ, అతన్ని క్రాస్ ఎగ్జామినేషన్ చేసింది చాలు. నా బాధ వినండి. నేనూ ఇలాంటి స్కీమ్‌లోనే ఇరుక్కున్నాను. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. నేను ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొడతారు. అయినా నా జీతంలోంచి నెలనెలా రైలు పాస్ కటింగ్ పోతూనే ఉంది. వద్దంటే "ఏడాదికి ఒప్పుకున్నారు కదా మేడమ్" అంటారు. పాస్ వెనక్కి ఇస్తానంటే రైల్వే రిఫండ్ ఇవ్వదంటారు. వాడని పాస్‌కి నేను, పోయిన పాస్‌కి అతను కడుతున్నాం.

అకౌంట్స్_అన్న
అక్కా, ఫ్రీ బస్సు వచ్చాక కూడా మీరు సంతకం పెట్టారా లేదా?

జడ్చర్ల_అక్క
పెట్టాను. పెట్టకపోతే నైట్ షిఫ్ట్ అయ్యాక ఇంటికి దింపే వ్యాన్ లిస్టులో పేరు ఉండదన్నారు. మీరు అకౌంట్స్‌లో కూర్చున్నవారు, ఆ సంగతి మీకు తెలియదా?

అకౌంట్స్_అన్న
అది అడ్మిన్ వాళ్ల నిర్ణయం.

కోయిల్‌సాగర్_కట్ట
మా మేనల్లుడు లండన్‌లో ఉంటాడు. అక్కడా ఆఫీసులు ఇలాగే సీజన్ టికెట్‌కి అప్పు ఇస్తాయి, వడ్డీ ఉండదు, పది వేల పౌండ్ల లోపు అయితే దాని మీద పన్ను కూడా వేయరు. మానేస్తే మిగిలింది ఆఖరి జీతంలో పట్టుకుంటారు. ఏడాది టికెట్ తీసుకుంటే వారం టికెట్‌కి 40 రెట్లే కట్టాలి, 52 వారాలు తిరగొచ్చు. అందుకే వాళ్లు ఏడాదిది తీసుకుంటారు. ఇక్కడ అలాంటి లాభం ఏమన్నా ఉందా? నిజంగానే అడుగుతున్నా.

అకౌంట్స్_అన్న
ఉంది. నెలనెలా కొంటే 12 నెలలకు 12 సార్లు కట్టాలి. ఏడాదికి ఒకేసారి తీసుకుంటే 10.8 రెట్లే. నెలకు పైగా ప్రయాణం ఉచితం. పైగా ట్యాక్స్‌లోనూ కలిసొస్తుంది.

నల్లకోటు
ట్యాక్స్‌లో ఏం కలిసొస్తుంది? నెలకు 1,600 రవాణా భత్యం మినహాయింపును 2018 బడ్జెట్‌లోనే తీసేసి స్టాండర్డ్ డిడక్షన్‌లో కలిపారు. దివ్యాంగులకు తప్ప మిగతావారికి అది లేదు. పాస్ కొన్నా కొనకపోయినా మీ ట్యాక్స్ అంతే.

లెక్కల_పంతులు
ఆగండి. ఆ 10.8 దగ్గర ఆగండి. ఇంతసేపూ కుర్రాడినే తప్పుపట్టాను, ఇప్పటికీ పర్సు జాగ్రత్త అతనిదే అంటాను. కానీ ఈ లెక్క చూడండి.

మూడు నెలల పాస్ ధర నెల పాస్‌కి 2.7 రెట్లు. ఆరు నెలలది 5.4 రెట్లు. ఏడాదిది 10.8 రెట్లు. ఇప్పుడు మూడు నెలల పాస్‌లు నాలుగు కొనండి. 2.7ని నాలుగుతో గుణిస్తే ఎంత? 10.8. రౌండింగ్‌లో ఐదో పదో అటూ ఇటూ, అంతే. అంటే మూడు నెలలదానితో పోలిస్తే ఏడాది పాస్‌లో పైసా లాభం లేదు. నష్టం మాత్రం ఉంది. నాలుగో నెలలో పోతే మూడు నెలల పాస్ ఉన్నవాడికి మహా అయితే రెండు మూడు నెలల డబ్బు పోతుంది, ఇతనికి ఎనిమిది నెలలకు పైగా పోయింది. అక్కకు మూడు నెలల పాసే అయి ఉంటే ఎప్పుడో బయటపడేది. ఇంకొకటి. పది కిస్తీల్లో కోస్తున్నారు కాబట్టి ఒక్కో కిస్తీ నెల పాస్ ధరకు 1.08 రెట్లు. వడ్డీ లేని అప్పు అంటూ, కిస్తీ నెల పాస్ కంటే ఎక్కువే కోస్తున్నారు.

అకౌంట్స్ అన్నా, లాభం లేనప్పుడు ఏడాదిదే ఎందుకు కొంటున్నారు?

మన్యంకొండ_మెట్లు
🔥 పంతులు గారు పార్టీ మారారు.

లెక్కల_పంతులు
మారలేదు. లెక్క చెప్పాను.

అకౌంట్స్_అన్న
మూడు నెలలకోసారి అందరి దగ్గరా గుర్తింపు కార్డుల నంబర్లు తీసుకోవాలి, కౌంటర్ దగ్గర మనిషి గంటలు నిలబడాలి, బిల్లులు పెట్టాలి, ఎవడు మారాడో ఎవడు మానేశాడో చూడాలి. ఇది ఏడాదికి నాలుగుసార్లు ఎవరు చేస్తారు? మీరొచ్చి చేస్తారా? ఇక్కడ అందరూ తీర్పు చెప్పేవాళ్లే. పని చేసేవాడు ఒక్కడు లేడు.

పిల్లలమర్రి_నీడ
అంటే మీ పని తగ్గడానికి రిస్క్ మా నెత్తిన పెట్టారు. అదే కదా అన్నా?

అకౌంట్స్_అన్న
నిజం కావాలా? సరే. మా దగ్గర పని నేర్చుకుని మూడో నెలలో పక్క కంపెనీకి పోయేవాళ్లు ఎక్కువ. ఏడాది పాస్ ఉంటే మధ్యలో మానేయడానికి ఆలోచిస్తారు. మేనేజ్‌మెంట్ ఆ మాట మీటింగ్‌లోనే చెప్పింది. ఇందులో దాచేదేముంది? ఏ కంపెనీ అయినా అలాగే ఆలోచిస్తుంది.

జడ్చర్ల_అక్క
ఈ ఒక్క మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఇంత చర్చ ఎందుకు?

పిల్లలమర్రి_నీడ
ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ స్కీమ్ రాకముందు మాకు కంపెనీ బస్సు ఉండేది. మెట్టుగడ్డ దగ్గర ఎక్కితే గేటు ముందు దింపేది, జీతంలో కటింగ్ లేదు. డీజిల్ ఖర్చు అని బస్సు తీసేసి, "మీకోసం కొత్త సదుపాయం" అని ఈ పాస్ పెట్టారు. ఇప్పుడు పాస్ డబ్బు మాది, షాద్‌నగర్ నుంచి ఆటో డబ్బు మాది, రైలు లేటైతే హాఫ్ డే కటింగ్ మాది. పోయిన పాస్ గురించి కాదు అన్నా నా కోపం. ముందు ఆ బస్సు ఎందుకు తీశారో చెప్పమనండి.

అకౌంట్స్_అన్న
బస్సు మీ కంపెనీ తీసింది. నన్నడిగితే నేనేం చెప్పను?

బాలానగర్_బాబు
మీరంతా పర్మినెంట్ వాళ్లు కాబట్టి ఈ గొడవ. మేం కాంట్రాక్టర్ కింద ఉన్నాం. బస్సు ఉన్నప్పుడు సీటు ఖాళీ ఉంటే ఎక్కనిచ్చేవారు. ఇప్పుడు బస్సూ లేదు, స్కీమూ లేదు. జీతం వచ్చిన నెల పాస్, రాని నెల రోజువారీ టికెట్. ఒకసారి ఆ టికెట్ కూడా తీయకుండా ఎక్కి దొరికాను, ఛార్జీ కాక ఇంకో 250 కట్టించుకున్నారు.

మన్యంకొండ_మెట్లు
👆 ఈ పోస్టు ఎవరూ పట్టించుకోరు చూడండి.

నల్లకోటు
పట్టించుకున్నాను. బాబూ, కాంట్రాక్టర్ జీతం వేయకపోతే కట్టాల్సిన బాధ్యత అసలు కంపెనీ మీద పడుతుంది. రాని నెలలు ఏవో తేదీలతో రాసి పెట్టుకో, నాకు విడిగా మెసేజ్ చెయ్.

పిల్లలమర్రి_నీడ
అప్‌డేట్. లెటర్ ఇచ్చాను, ముద్ర వేయడానికి ముందు ఒప్పుకోలేదు, మేనేజర్ వచ్చాక వేశారు. కిస్తీలు ఆపరట. కానీ కొత్త పాస్ మూడు నెలలది తీసుకోవచ్చట, నా ఫోన్‌లోనే కొని స్క్రీన్‌షాట్ పంపితే చాలట. మొన్నటిదాకా బిల్లు రాదన్నారు. ఇప్పుడెలా వచ్చిందో తెలియదు. బస్సు గురించి రాసిన పేరాకు మాత్రం జవాబు లేదు.

అకౌంట్స్_అన్న
కిస్తీలు ఆగవని నేను మొదటి రోజే చెప్పాను.

లెక్కల_పంతులు
మూడు నెలలది తీసుకోమని ఎవరు చెప్పారు?

అకౌంట్స్_అన్న
ఫోన్‌లో తీసుకోమన్నది మీరు. మూడు నెలలది అన్నది మీరు. కిస్తీ కట్టాలన్నది నేను. ఇంక వదిలేయండి సార్.

లెక్కల_పంతులు
మీ ఫ్యాక్టరీలో మారుస్తున్నారా లేదా?

అకౌంట్స్_అన్న
మార్చిలో ఆడిట్ ఉంది. తర్వాత చూద్దాం.

కొత్త_సభ్యుడు_మక్తల్
నమస్తే, ఈ చర్చ మొత్తం చదవలేదు. మహబూబ్‌నగర్‌లో వందేభారత్ ఆగుతుంది కదా, అందులో సీజన్ పాస్ చెల్లుతుందా?

మన్యంకొండ_మెట్లు
చెల్లదు. ఎక్కితే కిస్తీల్లో కూడా కట్టనివ్వరు.